పన్నెండు మిల్లీమీటర్లు, నలభై రాడ్లు

వికలాంగులకు పని ఇప్పించే ఒక సంస్థ ఫారం నింపుతూ తొమ్మిదో గడి దగ్గర ఆగిపోయాను. పేరు, ఊరు, వయసు, చదువు, వైకల్యం శాతం అన్నీ గబగబా రాసేశాను. తొమ్మిదో గడిలో ‘మీకు వచ్చిన పనులు, నైపుణ్యాలు’ అని ఉంది. కాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని, ‘ఏమీ లేవు’ అని రాసి ఇచ్చేశాను. హైదరాబాదులో నాలుగేళ్లకు పైగా రాడ్ బెండింగ్, అంటే కాంక్రీటులో వేసే ఇనుప రాడ్లు వంచి కట్టే పని, చేసిన మనిషిని. కానీ అది నా దృష్టిలో కూలి పని. కూలి పనిని నైపుణ్యాల గడిలో రాస్తారని నాకు తట్టలేదు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు మండలంలో ఒక పల్లె. ఉద్దానం అనగానే అందరూ కిడ్నీల సంగతే అడుగుతారు. మా నాన్న ఆ జబ్బుతోనే పోయారు, కానీ ఇప్పుడు ఆ కథ చెప్పబోవడం లేదు. నా కథ తుపానుతో మొదలవుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మా మండలంలోనే తీరం దాటింది. పొద్దున లేచి చూస్తే తోట అంతా నేలమీద పడుకుని ఉంది. కొబ్బరి, జీడిమామిడి, పనస, ఏదీ మిగల్లేదు. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఐదారేళ్లు చూడాలి. అప్పు ఇచ్చినవాళ్లు ఐదారేళ్లు ఆగరు. గోడ కూలి ఇనప్పెట్టె తడిసిపోయింది. అందులో నా పదో తరగతి మార్కుల జాబితా ముద్దయి, ఎండబెట్టినా ఒక్క అక్షరం కనిపించలేదు. అప్పుడు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆ నెలాఖరుకే ఊరివాళ్లతో కలిసి హైదరాబాదు బస్సు ఎక్కేశాను.

అక్కడ మా మేస్త్రీ చీపురుపల్లి వైపు మనిషి. చదువు ఐదో తరగతే అయినా లెక్క తప్పనివ్వడు. మొదటి వారంలోనే సిమెంటు బస్తా కాగితం మీద ఒక సూత్రం రాసి చూపించాడు. రాడ్డు మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. రాడ్డు పొడవు 12 మీటర్లు. కట్టకు 8 మి.మీ.వి పది, 10 మి.మీ.వి ఏడు, 12 మి.మీ.వి ఐదు, 16 మి.మీ.వి మూడు. “లారీవాడు కాగితం ఇస్తాడు, నువ్వు కట్టలు లెక్కపెట్టు. రెండూ కలవకపోతే ఎవరు దొంగో తర్వాత చూద్దాం” అనేవాడు. ఇది నాకు ఎక్కాల్లా వచ్చేసింది.

2023 ఫిబ్రవరిలో ఒక అపార్ట్‌మెంటు పనిలో పైకి లాగుతున్న రాడ్ల కట్టలు జారి నా ఎడమ కాలి మీద పడ్డాయి. మోకాలి కింద నుంచి తీసేయాల్సి వచ్చింది. కాంట్రాక్టరు ఆపరేషను డబ్బు కట్టాడు, బస్సు ఖర్చులకని ఇరవై వేలు చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు.

ఇంటికి వచ్చాక రెండేళ్లు ఏం చేశానని అడిగితే, అరుగు మీద కూర్చున్నాను అనే చెప్పాలి. వికలాంగుల పింఛను వచ్చింది. 2024 జూలై నుంచి అది నెలకు 6,000 అయింది. నా భార్య పలాసలో జీడి కార్ఖానాకు వెళ్లడం మొదలుపెట్టింది. జీడిపిక్క కొట్టినప్పుడు పెంకులోంచి వచ్చే జిడ్డు చర్మాన్ని కాలుస్తుంది. ఆర్నెల్లు తిరిగేసరికి ఆమె వేళ్లు నల్లబడ్డాయి. అన్నం కలిపేటప్పుడు ఆ చేతులు చూడలేక తల తిప్పుకొనేవాణ్ణి.

ఆ కార్ఖానాలోనే ఆమె పక్కన కూర్చునే ఒకావిడ కొడుకు పుట్టు చెవిటి. అతనికి పైడిభీమవరంలో మందుల కంపెనీలో ప్యాకింగు పని ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు ఇప్పించారట. శ్రీకాకుళంలో వాళ్ల కార్యాలయం ఉందని, మంగళవారాల్లో కాశీబుగ్గ వచ్చి కూర్చుంటారని నా భార్య రోజూ చెవిలో పోరుతూ ఉండేది. ఉద్యోగం ఇప్పిస్తామనేవాళ్లను నేను నమ్మను. గల్ఫ్ పేరు చెప్పి పాస్‌పోర్టులు పట్టుకుపోయినవాళ్లను మా ఊళ్లో చూశాం. ఆమె పోరు పడలేక 2025 జూన్‌లో ఒక మంగళవారం చంకకర్రలతో ఆటో ఎక్కాను.

బస్టాండు దగ్గర ఒక గదిలో టేబులు, నాలుగు కుర్చీలు, ఒక అమ్మాయి. పాతికేళ్లు ఉంటాయేమో. చెవికి వినికిడి యంత్రం ఉంది. నరసన్నపేట అమ్మాయి. డబ్బేమైనా కట్టాలా అన్నది నా మొదటి ప్రశ్న. “అక్కర్లేదు అన్నయ్యా. మా పేరు చెప్పి ఎవరైనా అడిగినా ఇవ్వొద్దు” అంది. ఫారం చదివి తొమ్మిదో గడి మీద పెన్ను ఆనించి, ఏమీ అనకుండా కాలు ఎలా పోయిందని అడిగింది.

చెప్పాను. పదహారు మిల్లీమీటర్ల రాడ్లు, మూడు కట్టలు, సుమారు నూట డెబ్బై కిలోలు పడ్డాయని.

“ఎవరైనా తూచి చెప్పారా?”

“లేదమ్మా. ఆస్పత్రిలో పడుకుని లెక్కవేశాను. మీటరు కిలోన్నర దాటుతుంది. పన్నెండు మీటర్లకు పంతొమ్మిది కిలోలు. కట్టకు మూడు చొప్పున తొమ్మిది రాడ్లు.”

ఆమె ఫోనులో గుణించి చూసింది. తర్వాత నా ఫారంలో ‘ఏమీ లేవు’ను కొట్టేసి, అరపేజీ రాసింది. రాడ్ల బరువు కట్టడం, కట్టలు సరిచూడడం, లోడు దించుకోవడం, పనికి ఎంత ఇనుము పడుతుందో అంచనా వేయడం, పదిమంది కూలీల హాజరు రాయడం. అన్నీ నా నోటినుంచి వచ్చినవే. కానీ కాగితం మీద చూస్తే ఇంకెవరి గురించో రాసినట్లుంది. కొంచెం సిగ్గేసింది కూడా.

ఆ తర్వాత నేను ఉద్యోగం గురించి అడిగితే ఆమె నా కాగితాల గురించి అడగడం మొదలుపెట్టింది. మూడు వారాలు ఇదే వరస. పదో తరగతి జాబితాకు నకలు తెప్పించాలంటే చదివిన బడి ప్రధానోపాధ్యాయుడి ద్వారా దరఖాస్తు, పోయిందని నోటరీ అఫిడవిట్, చలానా. 2004లో నాతో చదివినవాడు ఇప్పుడు అదే బడిలో మాస్టారు కాబట్టి ఆ ఫైలు కదిలింది. లేకపోతే ఏమయ్యేదో చెప్పలేను. ఆధార్‌లో నా ఇంటిపేరు ఒక రకంగా, బడి రికార్డులో ఇంకో రకంగా ఉంది. ఒక్క అక్షరం తేడా. ఆ ఒక్క అక్షరం కోసం రెండుసార్లు గ్రామ సచివాలయానికి, ఒకసారి పలాసలో ఆధార్ కేంద్రానికి తిరిగాను. చంకకర్రలతో వరసలో నిలబడితే జనం ముందుకు వెళ్లమంటారు. ముందుకు వెళ్లాక సర్వర్ పనిచేయదు.

ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు 4 శాతం ఉంది కదా, దానికే ప్రయత్నిద్దాం అన్నాను. 2016 చట్టం అది. ఆమె నా మాట కొట్టిపారేయలేదు. నోటిఫికేషను పడితే దరఖాస్తు పెట్టిస్తానంది. కానీ ఆ 4 శాతంలోనూ చూపు లేనివాళ్లకు, వినపడనివాళ్లకు, కాళ్లూ చేతులూ సరిలేనివాళ్లకు, ఇతర వైకల్యాలవాళ్లకు ఒక్కో శాతం చొప్పున విడగొట్టారని, ప్రైవేటు షావుకారును మాత్రం ఆ చట్టం బలవంతపెట్టదని చెప్పింది. “అక్కడ మీ లెక్కే మీకు రిజర్వేషను అన్నయ్యా” అని నవ్వింది.

ప్రమాదం సంగతి ఆమె వదల్లేదు. నష్టపరిహారం అడగలేదా అంది. హైదరాబాదు వెళ్లి కేసు వేసే ఓపిక ఎవరికి ఉంది అన్నాను. కార్మికుడు తాను ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చని నాకు అప్పుడు తెలిసింది. అప్పుడు అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం కింద ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు అడగాలట. నాకు ఆ గడువు దాటి నాలుగు నెలలైంది. రెండేళ్లు అరుగు మీద కూర్చున్నాను అని పైన రాశానే, దాని ఖరీదు ఇది. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే అధికారి తీసుకోవచ్చని, జిల్లా కోర్టు ఆవరణలో ఉన్న న్యాయసేవాధికార సంస్థకు పంపింది. వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు. ఆయన వేశారు. నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరుందా అని కూడా అడిగారు. ఏడాదిలో తొంభై రోజులు నిర్మాణ పని చేసినవాళ్లు నమోదు చేసుకోవచ్చట. నాలుగేళ్లలో నాకు ఆ మాట చెప్పినవాళ్లు లేరు. లెక్క తప్పనివ్వని మా మేస్త్రీ కూడా చెప్పలేదు. బహుశా ఆయనకూ తెలియదు.

కాలు సంగతి మాత్రం హాయిగా జరిగింది. విశాఖలో ఒక కేంద్రానికి వాళ్లే తీసుకువెళ్లారు. జైపూర్ కాలు అంటే జైపూరులో 1968లో తయారైంది కాబట్టి ఆ పేరట. కాలి మొండికి పిండికట్టు వేసి అచ్చు తీసుకున్నారు. తొడుగు దేనితో చేస్తారని అడిగాను. అక్కడి పనివాడు ఒక గొట్టం చూపించాడు. నీళ్ల లైన్లకు వాడే హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు! దాన్ని వేడిచేసి అచ్చు మీదకు లాగి బిగిస్తారు. ఇలాంటి పైపు నేను సైట్లలో కిలోమీటర్ల కొద్దీ చూశాను. పాదం రబ్బరుది. చెప్పులు లేకుండా నడవచ్చు, కింద బాసిపట్లు వేసుకుని కూర్చోవచ్చు. రెండు కడ్డీల మధ్య నడిపించినప్పుడు మొదటి రోజు ఆరడుగులు వేసి కూలబడ్డాను. మూడో రోజు టీ కొట్టు దాకా వెళ్లి, రెండు చేతులతో రెండు గ్లాసులు పట్టుకువచ్చాను. చంకకర్రలు ఉన్నంతకాలం ఒక్క గ్లాసు కూడా మోయలేదు కదా. ఆ టీ మాత్రం కాస్త ఒలికింది.

తర్వాత శ్రీకాకుళంలో ఆరు వారాల శిక్షణ. అరసవల్లి దగ్గర మా పిన్ని ఇంట్లో ఉన్నాను. సంస్థ కార్యాలయం మొదట మేడ మీద ఉండేదట. వికలాంగుల సంస్థను మేడ మీద పెట్టిన మహానుభావుడు ఎవరో తెలియదు కానీ, నేను వెళ్లేసరికి కిందికి దిగింది. కంప్యూటరు మీద ఎక్సెల్, సరుకు రిజిస్టరు, ఇన్‌వాయిస్, డెలివరీ చలాన్, జీఎస్టీ లెక్కలు నేర్పారు. మౌస్ పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. నా పక్కన పాతపట్నం కుర్రాడికి బొత్తిగా చూపు లేదు. ఎన్‌వీడీఏ అనే ఉచిత ప్రోగ్రాము తెర మీది అక్షరాలన్నీ అతనికి చదివి వినిపిస్తుంది. దాని తెలుగు వింటే నవ్వొస్తుంది, కానీ అతను నాకంటే రెట్టింపు వేగంతో టైపు చేసేవాడు. నేను తప్పు కొట్టినప్పుడల్లా నా కీబోర్డు చప్పుడును బట్టే పట్టేసేవాడు.

అన్నీ మెచ్చుకోను. ఒక శనివారం టై కట్టుకున్న పెద్దమనిషి విశాఖ నుంచి వచ్చి ఆత్మవిశ్వాసం మీద మూడు గంటలు మాట్లాడాడు. అద్దంలో చూసుకుని ‘నేను గెలుస్తాను’ అని రోజూ ఇరవై సార్లు అనుకోవాలట. చూపు లేని కుర్రాడు, “అద్దం ఏ వైపు ఉంటుందో ముందే చెప్పండి సార్” అన్నాడు. ఆ పూట మాకు అందిన ఆత్మవిశ్వాసం అంతే. ఇంకొకటి, విరాళాలు ఇచ్చినవాళ్లకు పంపాలని ప్యాంటు మడిచి కాలు కనిపించేలా ఫొటో తీస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. రెండు రోజులు కార్యాలయంలో కాస్త బిగుసుకున్నారు. చివరికి కంప్యూటరు ముందు కూర్చున్న ఫొటో తీసుకున్నారు. వాళ్ల ఇబ్బంది నాకు అర్థమైంది, డబ్బు ఎక్కడినుంచో రావాలి. అయినా నా కాలు నాది.

అన్నిటికంటే కష్టమైంది ఫోను. యజమానులకు ఫోను చేసి పని అడగాలి. ఆ అమ్మాయే చేస్తుందనుకున్నాను. “నాకు ఫోనులో మాట సరిగా వినపడదు, మీరే చేయండి” అని నంబర్ల కాగితం నా ముందు పెట్టి పక్కన కూర్చునేది. అది నిజమో, నా చేత చేయించడానికి వేసిన ఎత్తో ఇప్పటికీ తెలియదు. మొదటి ఫోనులో నా పేరు చెప్పి, కాలు లేదని చెప్పి, ఆపై మాట రాక పెట్టేశాను. “మీ ఇంటికి పెళ్లికొడుకును చూడడానికి వచ్చినవాళ్లకు ముందు కాలు సంగతి చెబుతారా, పొలం సంగతి చెబుతారా?” అంది. అప్పటినుంచి ముందు లెక్క సంగతి, చివర కాలు సంగతి. దాచడం మాత్రం వద్దంది.

ఒక పెట్రోలు బంకులో ఎనిమిది గంటలు నిలబడాలన్నారు. ఒక రైసుమిల్లులో రేపు రమ్మన్నారు, మర్నాడు కూడా రేపే అన్నారు. ఒక దుకాణంలో నన్ను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, జాలిపడి, రెండు వందలు చేతిలో పెట్టబోయారు. మొదటి రెండూ మరిచిపోయాను, ఈ మూడోది మాత్రం కడుపులో ఉండిపోయింది. ఆ రోజు బస్సులో ఎవరితోనూ మాట్లాడలేదు.

అక్టోబరులో టెక్కలి దగ్గర ఇనుము, సిమెంటు గోదాములో గుమాస్తా కావాలని తెలిసింది. షావుకారు అరవై దాటిన మనిషి. ఎక్సెల్ ఊసు ఎత్తలేదు. పాత చేతి రిజిస్టరు మూసి పక్కన పెట్టి, “పన్నెండు మిల్లీమీటర్లు, నలభై రాడ్లు. ఎంత?” అన్నాడు.

“నాలుగు వందల ఇరవై ఆరున్నర కిలోలు, కాస్త పైన. కట్టలైతే ఎనిమిది.”

కాలిక్యులేటరు తీసి చూసుకున్నాడు. “పది మిల్లీమీటర్లు, మూడు కట్టలు?”

“ఇరవై ఒక్క రాడ్లు. నూట యాభై ఐదు, అరకిలో అటూ ఇటూ.”

అప్పుడు నా కాలి వైపు చూశాడు. సంస్థ అమ్మాయి అందుకుంది. పదిహేను రోజులు చూడమని, నచ్చకపోతే పంపేయమని, ఎత్తైన కుర్చీ ఒకటి, లారీలు తూచే వేబ్రిడ్జి గది గుమ్మం దగ్గర పట్టుకోవడానికి ఒక కడ్డీ ఉంటే చాలని చెప్పింది. కడ్డీకి ఆయనకు ఖర్చేముంది, గోదాము నిండా ఇనుమే. ఆ సాయంత్రమే వెల్డరును పిలిచి వేయించాడు. కుర్చీకి మాత్రం నెల పట్టింది.

జీతం 14,000 అని ఖాయమయ్యాక ఇంట్లో గొడవ. గ్రామాల్లో కుటుంబ ఆదాయం నెలకు పది వేలు దాటితే పింఛనుకు అర్హత ఉండదన్న షరతు ఉంది. ఆ అమ్మాయి ఆ మాట దాచలేదు, నా ముందే కాగితం మీద కూడికలు, తీసివేతలు వేసి చూపించింది. బస్సు ఖర్చు పోను ఎంత మిగులుతుందో కూడా. “ఊరికే వచ్చే ఆరు వేలను కాళ్లదన్నుకుంటావా నాయనా” అంది మా అమ్మ. ఆ మాట అనేశాక నా కాళ్ల వైపు చూసి, నాలుక కరుచుకుని, లోపలికి వెళ్లిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నా భార్య ఏమీ అనలేదు. ఆమె చేతులు చూసి నేనే నిర్ణయించుకున్నాను. ఉద్యోగంలో చేరిన సంగతి సచివాలయంలో చెప్పాను, రాసుకున్నారు.

చేరేసరికి శిక్షణలో బట్టీ పట్టిన లెక్క ఒకటి పాతబడిపోయింది. సిమెంటు మీద జీఎస్టీ 28 శాతమని నేర్చుకున్నాను. సెప్టెంబరు 22 నుంచి అది 18 అయింది. మొదటి వారమంతా పాత రేటుతో బిల్లు కొట్టబోయి నాలుక కరుచుకున్నాను. పదోరోజున ఒక లారీలో ఎనిమిది మిల్లీమీటర్ల కట్టలు రెండు తక్కువ వచ్చాయి. కాగితంలో బరువు సరిగ్గానే ఉంది. నేను కట్టలు మూడుసార్లు లెక్కపెట్టాను. తొంభై ఐదు కిలోల తేడా. డ్రైవరు గట్టిగా అరిచాడు, షావుకారు బయటికి వచ్చాడు, బండిని మళ్లీ తూచారు. ఆయన నాతో ఏమీ అనలేదు. పదిహేను రోజుల గడువు గురించి కూడా తర్వాత ఎవరూ ఎత్తలేదు.

రోజూ పొద్దున ఆటో, కాశీబుగ్గలో బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి నా భార్య టికెట్టు తీసుకోదు, నేను పనిలో చేరినప్పుడు నాకు వికలాంగుల రాయితీలో సగం టికెట్టు ఉండేది. ఆమె ఇంకా కార్ఖానాకే వెళ్తోంది. కుట్టు మిషను కొనాలని ఉంది, అప్పుల వాయిదాలు రెండు తీరాక.

నష్టపరిహారం కేసు నడుస్తోంది. ఆలస్యాన్ని మన్నించాలా వద్దా అన్నదే ఇంకా తేలలేదు. వాయిదా ఉన్నప్పుడు షావుకారును సెలవు అడుగుతాను, పూటా, రోజంతానా అని మాత్రం అడుగుతాడు.

మొండి భాగం సన్నబడి ఇప్పుడు తొడుగు వదులైంది. రెండు ఊలు సాక్సులు వేసి నెట్టుకొస్తున్నా సాయంత్రానికి చర్మం రేగుతోంది. విశాఖ వెళ్లి బిగింపు సరిచేయించుకోవాలి. మంగళవారం రమ్మన్నారు. మంగళవారం ఇనుము లోడు దిగుతుంది, గురువారం వస్తానని చెప్పాను.